చరిత్ర పట్టమునకు ఎన్ని అంగములు?

హనుమంతునిపాడు ప్రాంతమునందలి యొక గ్రామమున నొక రైతు మమ్ము తన యింటి యరుగుమీద కూర్చుండబెట్టి యొక ప్రశ్న యడిగెను. ఆయన కుమార్తె బి. ఏ. ముగించి, చరిత్రలో ఎమ్. ఏ. చదివెదనని పట్టుపట్టినది. "చదువుకోమనే అన్నామయ్యా. ఆ చదువుకి ఏమేం కావాలో చెప్తే సిద్ధం చేసుకుంటాం" అని యాయన యనెను. ప్రశ్న సూటియైనది. మేమును సూటిగనే సమాధానము చెప్పితిమి.

బి. ఏ. పట్టముండవలెను. కొన్నిచోట్ల ఆ బి. ఏ. లో చరిత్ర యొక విషయముగ చదివియుండవలె నందురు; కొన్నిచోట్ల ఏ పట్టమైనను చాలు నందురు. 2021 నుండి ఈ రాష్ట్రమున పీజీసెట్ అను ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చినది గనుక అందులో స్థానము తెచ్చుకొనవలెను. చేరిన పిమ్మట రెండేండ్లు, నాలుగు సెమిస్టరులు. హాజరు, రుసుము, పరీక్షలు. ఇల్లు కదలలేనివారికి దూరవిద్య కలదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు ఏ పట్టభద్రులనైనను చేర్చుకొందురు. కనీసము రెండేండ్లలో, ఎక్కువలో నెక్కువ నాలుగేండ్లలో ముగింపవలెను. నాలుగేండ్ల ఆనర్సు చదివినవారు ఒక్క యేడాదిలోనే ఎమ్. ఏ. పూర్తిచేయుటకు 2024 లో యూజీసీవారు ప్రకటించిన ప్రణాళిక వీలు కల్పించినది. అధ్యాపకత్వము కోరువారు ఎమ్. ఏ. లో నూటికి 55 మార్కులు తెచ్చుకొని, పిమ్మట నెట్ పరీక్షలో నెగ్గవలెను.

రైతు అంతయు వినెను. కొంతసేపూరకుండెను. పిదప, "అంతేనా అయ్యా? మా ఊళ్లో బోరు వేయాలంటేనే ఇంతకంటే ఎక్కువ విచారిస్తామే!" అనెను.

ఆ మాట మాకు ముల్లువలె నాటినది. నీటికొరకు నేలను నమ్మి నష్టపోయిన సీమ అది. అచ్చటివారు బోరు వేయుటకు ముందు నేల యెట్టిది, రాయి యెంత లోతున నున్నది, ప్రక్కచేని బోరులో నీరెంత, త్రవ్వువాని పనితన మెట్టిది అని పది విధముల నడుగుదురు. మేము చెప్పిన నియమములలో నట్టి ప్రశ్న యొక్కటియు లేదు. అందున్నవన్నియు లెక్కలు: ఇన్ని యేండ్లు, ఇన్ని మార్కులు, ఇంత రుసుము, ఇన్ని దినముల హాజరు. ఈ మనిషి చరిత్ర యను పని చేయగలదా, లేదా యని యడుగు నియమ మేదియు వానిలో మాకు కనబడలేదు. ద్వారమునకు వలయునవి కలవు. పట్టమునకు వలయునవి లేవు. ఈ లోపమును గూర్చియే మేము నేడు కొంత కటువుగ వ్రాయవలసివచ్చినది.

ఆనాటి సాయంకాలమే మాకు దీనికి సాక్ష్యము దొరకినది. ఆ యూరి గుడిని బాగుచేయుచుండిరి. పాత మండపమునుండి తీసిన రాళ్లలో నొకదానిమీద అక్షరము లుండెను. సున్నముపూత పైనబడి సగము పూడిపోయిన పంక్తులవి. మేస్త్రీ యా రాతిని క్రొత్త మెట్లక్రింద పరచుటకు సిద్ధముగ నుండెను. ఊరివారిలో నొకరు, "మన కోడలు హిస్టరీ ఎమ్మే గదా, పిలవండి" అనిరి. మూడేండ్ల క్రిందట పట్టము పుచ్చుకొన్న యా యువతి వచ్చినది. కాకతీయుల వంశక్రమమును తడుముకొనక చెప్పినది. విజయనగర రాజుల నాలుగు వంశములను వరుసగ చెప్పినది. రాతిదగ్గర కూర్చుండి, వ్రేలితో నక్షరములను తాకి, తలవంచుకొని, "ఇది నాకెవరూ చూపించలేదండీ" అని మెల్లగ ననినది.

మేమా తల్లిని తప్పుపట్టుట లేదు. మాకును నాలుగైదక్షరములకు మించి తెలియలేదు. ఊరివారిని బ్రతిమాలి యా రాతిని గోడప్రక్కన నిలువబెట్టించి వచ్చితిమి. ఎన్నాళ్లట్లుండునో దైవమెరుగును. కాని యొక మాట యడుగక తప్పదు. రెండేండ్లపాటు చరిత్ర చదివి, పరీక్షలన్నియు నెగ్గి, మొదటి తరగతిలో నుత్తీర్ణురాలైన యువతి, తన యూరి గుడిలోని రాతియెదుట నిరక్షరాస్యురాలివలె కూర్చుండవలసివచ్చిన యెడల, ఆమెకు పట్టమిచ్చినవారు ఆమెకు నిజముగ నిచ్చినదేమి?

పరీక్షల తీరే చూడుడు. పీజీసెట్టున నూరు ప్రశ్నలు, తొంబది నిమిషములు. ప్రతిప్రశ్నక్రిందను నాలుగు సమాధానములు, అందొకదానిని గుర్తించుటయే పని. నెట్టున రెండు పత్రములు కలిపి నూటయేబది ప్రశ్నలు, మూడు గంటలు, మూడువందల మార్కులు, అవియు నట్టివే. లోపల ప్రవేశించునపుడు నూరు గళ్లు, బయటికి వచ్చి యుద్యోగమునకు పోవునపుడు నూటయేబది గళ్లు. నడుమ రెండేండ్లు మిగిలినవి. అందైనను విద్యార్థి స్వయముగ నొక మూలమును చదివి, తన బుద్ధితో విచారించి, నాలుగు పుటలు వ్రాయునా? పెక్కుచోట్ల జరుగునది మేమెరుగుదుము. పరీక్షకు పదునైదు దినములకు ముందు అంగడిలో గైడు కొందురు. గడచిన యయిదేండ్ల ప్రశ్నలు అందుండును. సమాధానములు సిద్ధముగ నుండును. వానిని వల్లించి, పరీక్షాశాలలో క్రక్కి, బయటికి వచ్చి మరచిపోవుదురు. ఏ సంగతి యెచ్చటినుండి తెలిసినదో, చెప్పినవాడెవ్వడో, అతనిని నమ్మవలసిన కారణమేమో గైడు చెప్పదు. చరిత్రకు ప్రాణమైన ప్రశ్నలు ఆ మూడే గదా! ఆ మూటిని విడిచిన చదువును చరిత్ర యనుట, గింజలేని పొల్లును ధాన్యమనుట వంటిది.

మన పూర్వులు పనికి వలయునవి యేవో విచారింపక పట్టము లిచ్చినవారు కారు. గిద్దలూరుకు దక్షిణమున, కడపజిల్లాలో పోరుమామిళ్ల చెరువున్నది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. 1369 నాటి సంస్కృత శాసన మచ్చట నిలిచియున్నది. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లు అందు చెప్పబడినది. అంతకంటె విశేషమేమనగా, మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములను, చెరువును చెరచు ఆరు దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడునైన రాజు, జలశాస్త్రమెరిగినవాడు, గట్టినేల, తీయనినీటి యేరు, కొండల చేరిక, దృఢమైన రాతికట్ట, విశాలమును లోతునైన గర్భము, మంచిరాతి గని, పండెడు పొలములు, నేర్పరులైన పనివారు, ఈ మొదలైన వానిని వరుసగ నెంచినది. మనవారు 650 సంవత్సరములకు పూర్వమే ఒక చెరువునకు పండ్రెండంగములు కావలయునని రాతిమీద చెక్కించిరి. నేటి మనము ఒక చరిత్ర పట్టమునకు హాజరును రుసుమును చాలునని కాగితముమీద వ్రాసికొంటిమి!

ఆ శాసనము చెప్పిన దోషములు మన ఎమ్. ఏ. చదువునకెట్లు తగులునో చూచిన నాశ్చర్యమగును. కట్టనుండి నీరు కారిపోవుట యొక దోషము: పరీక్ష ముగిసిన మరునాడే చదివినది కారిపోవుట మనమెరుగుదుము. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట యింకొక దోషము: పాఠము సగము తెలుగు, పుస్తకము ఇంగ్లీషు, గైడు రెండును కాని భాష, విద్యార్థి రెండు రాజ్యములకును చెందక పొలిమేరలో నిలిచిపోవును. విస్తార మధికమై నీరు స్వల్పమగుట మరియొక దోషము: హరప్పానుండి నేటివరకు, రోమునుండి రష్యావరకు పాఠ్యప్రణాళిక పరచుకొనియుండును, ఎచ్చట దిగినను మోకాలిలోతు దాటదు. అట్టి చెరువు ఫాల్గుణమునకే యెండునని శాసనము వ్రాసినవారికి తెలిసెను. మన పాఠ్యప్రణాళికలు వ్రాయువారికి తెలియకపోయెనా?

ఇచ్చట కొందరు మమ్ము మరియొక వైపునుండి యడ్డగింతురు. "తెలుగువారి చరిత్రను వ్రాసిన మహనీయులకు ఎమ్. ఏ. లున్నవా? పట్టమునకు వలయునవి యేవైన నేమి? పట్టమే నిరర్థకము" అందురు. ఈ యాక్షేపణలో సగము నిజము కలదు. ఆ సగము మహోజ్జ్వలమైనది. 1910 లో ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగమును వెలువరించిన చిలుకూరి వీరభద్రరావుగారు ఎమ్. ఏ. పట్టము గలవారు కారు, పత్రికారచనతో జీవించినవారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు కళాశాలా పట్టమేమియు లేకయే ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చరిత్ర బోధించిరి. అద్దంకి తొలి రాజధానిగ నేలిన రెడ్డిరాజుల చరిత్రను ఆయన యింగ్లీషున వ్రాయగా, ఆ పరిషత్తే 1948 లో ప్రకటించినది. 1949 లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివినవారు. అంతకు మునుపే, బడిమెట్టు తొక్కని భండారు అచ్చమాంబగారు తన సోదరుని చదువు చూచి యింటనే చదువు నేర్చి, 1901 లో అబలాసచ్చరిత్ర రత్నమాలను మన స్త్రీల కందించిరి. ఆ సోదరులు ఎమ్. ఏ. చదివిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1906 లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, తాము నేర్చిన దానిని తెలుగున పంచిపెట్టినవారు.

ఇది నిజమే. కాని దీనినుండి పట్టము నిరర్థకమను నిర్ణయ మెట్లు వచ్చును? వారు మహోత్సాహులు. శాసనముల కొరకు ఊరూర తిరిగిరి, గ్రంథాలయములు గల పట్టణములలో వసించిరి, తోడుగ పండితమిత్రులుండిరి. అట్టి యోగము నూరేండ్లకు పదిమందికి పట్టును. హనుమంతునిపాటి రైతుబిడ్డకు ఊరిలో గ్రంథాలయము లేదు, పండితమిత్రులు లేరు, తిరుగుటకు ధనము లేదు. మహనీయులకు దైవయోగమున దొరకినది సామాన్యుల బిడ్డలకు న్యాయముగ దొరకవలెననియే విశ్వవిద్యాలయములు పుట్టినవి. 1926 లో ఆంధ్రులకును, 1954 లో తిరుపతియందును, 1976 లో గుంటూరు విజయవాడల నడుమను, ఇటీవల ఒంగోలునందును విశ్వవిద్యాలయము లేర్పడినది పట్టపు కాగితము లచ్చువేయుటకు కాదుగదా! శర్మగారు తమ కష్టముతో సంపాదించిన నేర్పును ఒక పల్లెటూరి పిల్లకు రెండేండ్లలో కొంతయైన నందించినపుడే విశ్వవిద్యాలయము తన పని చేసినట్లు.

రెండవ యాక్షేపణ దయాళువులది. "పల్లెల బిడ్డలు, పేదలు, మొదటితరమువారు చదువుచున్నారు. నియమములు బిగించిన వారికి ద్వారములు మూసినట్లగును. కొంత చూచిచూడనట్లు పోనిండు" అందురు. ఈ మాట చెప్పువారి మనస్సు మంచిదే. కాని ఈ దయవలన జరిగినంత హాని నిర్దయవలన జరుగలేదని మా నిశ్చితాభిప్రాయము. ధనికుల బిడ్డకు పట్టము నేర్పకున్నను ఇల్లు నేర్పును, తండ్రి పుస్తకములు కొనిపెట్టును, పైదేశమునకు పంపును. అచ్చట పెక్కు విశ్వవిద్యాలయములలో చరిత్ర ఎమ్. ఏ. కు ఒక పరిశోధనవ్యాసమో, గట్టి సమగ్రపరీక్షయో ఉండును. పలుచోట్ల మరియొక భాషను చదివి గ్రహింపగలుగవలె నందురు. ఆ బిడ్డ యచ్చట పని నేర్చుకొనును. పేదబిడ్డకు ఈ రెండేండ్లే యున్నవి. ఈ రెండేండ్లలో ఏమియు నడుగక పంపినవారు ఆ బిడ్డ కేమియు నీయక పంపినవారే. పిమ్మట నామె పోటీపరీక్షలో నోడిపోయినపుడు, ఆమెదే లోపమని లోకమనును. ఆమెయు నట్లే నమ్మును. రాతియెదుట తలవంచిన యువతి ముఖమును మేము మరువలేకున్నాము. ఆమె సిగ్గుపడినది, సిగ్గుపడవలసినవారు వేరు.

నియమమనగా మూసిన తలుపని మనవారు భావించుచున్నారు. అది విద్యార్థి హక్కు. "నాకు శాసనము చదువుట నేర్పక నన్ను పంపరాదు" అని చెప్పుటకు ఆమెకు గల యాధారము. ప్రవేశమును సులభముచేయుడు, దానికి మేమడ్డురాము. ఏ పట్టమువారినైనను, ఏ యూరివారినైనను చేర్చుకొనుడు. రుసుము తగ్గింపుడు. వసతిగృహము లీయుడు. కాని లోపలికి వచ్చినవారిని పని నేర్పకుండ బయటికి పంపకుడు.

అట్లయిన ఏమేమి కావలెనని రైతు మరల మమ్మడిగిన, మేమిప్పుడు వేరుగ చెప్పుదుము. పోరుమామిళ్లవలె పండ్రెండు కాకున్నను, ఈ యైదంగములైన నుండవలెను.

మొదటిది లిపి. తెలుగు గడ్డమీద చరిత్రలో ఎమ్. ఏ. పుచ్చుకొను ప్రతివారును తెలుగు లిపి పరిణామము నెరిగి, కాకతీయ, రెడ్డి, విజయనగర కాలముల శాసనము నొకదానిని అచ్చుప్రతిచూడక చదువగలుగవలెను. త్రిపురాంతకమున కాకతీయుల కాలపు శాసనములు పెక్కు కలవు. మార్కాపురము చెన్నకేశవాలయ మున్నది. పరీక్ష అచ్చటనే, రాతియెదుటనే, నడుపుడు.

రెండవది మరియొక భాష. మనసీమ కథ తెలుగున మాత్రమే లేదు. సంస్కృతమో, పారసీకమో, కన్నడమో, తమిళమో ఒకటి చదివి గ్రహించునంతగ నేర్పవలెను. ఇంగ్లీషు ఎట్లును వలయును.

మూడవది దస్త్రము. ఒక మాసమైనను విద్యార్థి దస్త్రాగారమున కూర్చుండవలెను. ఈ సీమ విద్యార్థికి ఇది యెంత యవసరమో చెప్పెదము. మార్కాపురము, కంభము సీమ 1800 వరకు నిజామునది. ఆ యేట దత్తమండలములతో కుంఫిణీకి వచ్చినది. 1858 వరకు కడపజిల్లాలోను, 1970 వరకు కర్నూలుజిల్లాలోను నుండినది. కనిగిరి సీమ 1970 వరకు నెల్లూరుజిల్లాలో నుండినది. ఆ యేట ఒంగోలుజిల్లా యేర్పడి, 1972 లో ప్రకాశముపేర వ్యవహరింపబడినది. అనగా ఒకే కొండకు ఈవల ఆవల నున్న రెండూళ్ల కాగితములు కడపలో కొన్ని, కర్నూలులో కొన్ని, నెల్లూరులో కొన్ని, చెన్నపట్టణమున కొన్ని, హైదరాబాదున కొన్ని యుండును. ఈ సంగతి గైడులో లేదు. తెలియని విద్యార్థి తన యూరికి చరిత్రయే లేదనుకొనును.

నాలుగవది గ్రామము. ప్రతివిద్యార్థియు ఒక యూరి చరిత్రను, లేక ఆ సీమలోని యొక విషయపు చరిత్రను, మూలములనుండి విచారించి తెలుగున వ్రాయవలెను. విషయములకు కొదువయా? కంభము చెరువును 2020 లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు వారసత్వ కట్టడముగ గుర్తించిరి. గజపతుల యాడపడుచు వరదరాజమ్మ దానిని కట్టించెనని ప్రతీతి. ఆ ప్రతీతి యెచ్చట ముగిసి ప్రమాణ మెచ్చట మొదలగునో విడదీయుటే యొక ఎమ్. ఏ. కు చాలినంత పని. మార్కాపురపు పలకలమీద దేశమందలి యెన్ని సీమల పిల్లలో ఓనమాలు దిద్దిరి. ఆ పలకలు కోసిన కూలీల చరిత్ర యేది? 1832–33 నాటి నందన కరువు, 1876–78 నాటి ధాత కరువు ఈ మెట్టనేలల నేమిచేసినవి? కనిగిరి నీటిలోని ఫ్లోరైడు ఎన్ని కుటుంబముల యెముకలు వంచినది, ఎందరిని వలస పంపినది? వెలిగొండ సొరంగముల కథ యేది? ఇవి యన్నియు చరిత్రయే.

అయిదవది సభ. వ్రాసినదానిని ఆ యూరివారి యెదుట తెలుగున చదివి, వారి ప్రశ్నలకు బదులు చెప్పవలెను. ఒక ప్రతి విశ్వవిద్యాలయమున, ఒక ప్రతి ఆ యూరి బడిలో నుంచవలెను. పండితుల పరీక్షను దాటవచ్చును. "మా తాత చెప్పింది వేరే" యనెడి ముసలమ్మ పరీక్షను దాటుట సులభము కాదు. ఆమె చెప్పినదియు నొక ప్రమాణమే యని, దానినెంతవరకు నమ్మవలెనో తూచుట తన పనియని విద్యార్థి యచ్చట నేర్చుకొనును.

ఇవి సాధ్యము కావని చెప్పుటకు నేడు విశ్వవిద్యాలయములకు నోరులేదు. 2024 నాటి ప్రణాళికలోనే రెండవ యేటిని పరిశోధనకు వినియోగించుటకు వీలున్నది. చట్ట మడ్డులేదు. అడ్డున్నది సోమరితనము, మరియు ధనము. ధనమునకు సమాధానము పోరుమామిళ్ల రాతిమీదనే యున్నది: పండ్రెండంగములలో ధనవంతుడు, ధర్మపరుడునైన రాజు ముందున్నాడు. లిపి నేర్పు గురువును నియమించుట, విద్యార్థి దస్త్రాగారమునకు పోయివచ్చు ఖర్చు నిచ్చుట ప్రభుత్వపు పని. ఆ యంగమును తాను తప్పించుకొని, తక్కిన పదునొకటిని పేదబిడ్డపై మోపరాదు.

ఇదియొక క్రొత్త కోరికయు కాదు. ఇన్నూరేండ్ల క్రిందట కర్నలు మెకంజీ కొలువున కావలి వేంకట బొఱ్ఱయ్యగారు, వారి సోదరులు ఊరూర తిరిగి, శాసనములను చదివి, కరణములచేత కైఫీయతులు వ్రాయించిరి. బొఱ్ఱయ్యగారు 1803 లో చిన్నవయస్సుననే గతించిరి. 1905 లో బట్టర్‌వర్తు, వేణుగోపాలశెట్టి గారలు నెల్లూరుజిల్లా శాసనములను మూడు సంపుటములుగ నచ్చువేసిరి. రైలులేని యూళ్లకు బండ్లమీదను, గుఱ్ఱములమీదను పోయి వారు చేసిన పనిలో నూరవపాలు, చేతిలో ఛాయాగ్రాహకమును సంచారవాణియుగల నేటి విద్యార్థి చేయలేదా? చేయగలదు. చేయుమని యడిగినవారు లేరు.

ఇక నింటివారితో రెండు మాటలు. చదువరులారా, దోషమంతయు విశ్వవిద్యాలయములపై త్రోసి మనము చేతులు కడిగికొనరాదు. "చరిత్ర చదివి యేమి చేయును? పెండ్లి కుదురువరకు చదువనిండు" అనువారు మన యిండ్లలోనే కలరు. అట్లనుకొన్న తండ్రికి గైడు చదువే చాలును. ఇల్లు కదలనక్కరలేదు, దస్త్రాగారము లేదు, ఖర్చు లేదు. అడుగనివారికి ఆ సరకే యమ్ముదురు. మన కోరిక స్వల్పమగుటచేతనే వారి నియమములు స్వల్పమైనవి. ఉద్యోగమునకు తిన్నని దారి యేదని యడిగినవారికి చెప్పెదము: మూలము చదువనేర్చి, ప్రమాణమును తూచి, స్పష్టముగ తెలుగున వ్రాయగలవారి కొరత బడులలో, పత్రికలలో, ప్రభుత్వ శాఖలలో నంతటను కలదు. వల్లెవేసినవారికి మాత్రము కొరతలేదు.

"ఆడపిల్ల ఒంటరిగ రాళ్లవెంట, పాత కాగితములవెంట తిరుగుటయా?" అనువారికి అచ్చమాంబగారి పేరే సమాధానము. బడిలేని దినములలో, అడ్డంకులు పది రెట్లున్న దినములలో, ఒక గృహిణి భారతస్త్రీల చరిత్ర వ్రాయగలిగినది. నేడు మన కుమార్తెలు ఒక మాసము దస్త్రాగారమునకు పోలేరా? రాజుల యుద్ధములు వ్రాసినవారు చాలమంది కలరు. కరువులో కడవ మోసినవారి చరిత్రను, పుట్టింటినుండి తెచ్చిన వరకట్నపు లెక్కలను, వితంతువుల యాస్తి వ్యాజ్యములను వ్రాయవలసినవారు మన యాడబిడ్డలే. ఆ కాగితములలో కొన్ని మన యటకలమీదనే యున్నవి. చీడపట్టిన తాటాకులని, తాతగారి చిత్తుకాగితములని పొయ్యిలో వేయకుడు. గుడి బాగుచేయునపుడు అక్షరమున్న రాతికి సున్నము పూయకుడు, రంగు వేయకుడు, మెట్టుక్రింద పరవకుడు. చదువువారు వచ్చువరకైనను దానిని బ్రతుకనిండు.

ఆ రైతుతో మేము తుదకేమి చెప్పితిమో చెప్పి విరమించెదము. "అంతేనా" యని యాయన యడిగినపుడు మాకు వెంటనే బదులు తోచలేదు. గుడినుండి మరలివచ్చిన పిదప చెప్పితిమి: "అయ్యా, వారడుగునవి అంతే. మీరడుగవలసినవి వేరే యున్నవి. పిల్లను చేర్చుటకు పోయినపుడు, ఈ రెండేండ్లు ముగియులోపల మా బిడ్డ మా యూరి రాతిని చదువగలదా యని యాచార్యుల నడుగుడు." కుమార్తె గడపలో నిలిచి వినుచుండినది. రైతు తలయూచి, ఒక్క మాట యనెను: "ఆ రాయి అప్పటిదాకా ఉంటుందంటారా?"

ఆ ప్రశ్నకు బదులు మా చేతిలో లేదు. పట్టము లిచ్చువారి చేతిలోను, పిల్లలను పంపువారి చేతిలోను కలదు.